రూపాయి కరిగితే కడియం

ఏలూరులోగాని తాడేపల్లిగూడెంలోగాని వెండి దుకాణం ముందు ఒక్క క్షణం నిలబడి చూడండి. అద్దాల వెనుక పట్టీలు, మెట్టెలు, కుంకుమ భరిణెలు, ఉగ్గుగిన్నెలు ధగధగ మెరుస్తూ వుంటాయి. "ఇవి యెక్కడ చేసినవండీ?" అని అడిగితే, సేలం అనో, రాజ్‌కోట్ అనో, ఆగ్రా అనో జవాబు వస్తుంది. అమ్మేది మన వూళ్లో, కొనేది మన వూళ్లో, తొడుక్కునేదీ మన వూళ్లోనే. చేసేది మాత్రం మన వూళ్లో కాదు.

వెనుకటి రోజులలో యిలా వుండేది కాదు. కాలి కడియం కావలసివస్తే దుకాణానికి గాక, కంసాలి యింటికి వెళ్లేవారు. కొంగున కట్టుకున్న వెండి రూపాయిలు ఆయన ముందు పోసి, "ఆచారిగారూ, అమ్మాయికి కడియాలు చెయ్యండి" అనేవారు. ఆ రూపాయిలే కరిగి కడియాలయ్యేవి.

సరిగా అదే కాలంలో, యిక్కడికి భూగోళానికి దాదాపు ఆవలి పక్కన, అమెరికాలోని యెర్రమట్టి యెడారిలో నవహోలనే ఒక జాతివారు కూడా రూపాయిలవంటి వెండి నాణేలనే కరిగించి, అందులో నీలాకాశపు రంగు రాళ్లు పొదిగి నగలు చేయడం నేర్చారు. వారి సంగతి మనకు తెలియదు, మన సంగతి వారికి తెలియదు. అయినా రెండు కొలుముల కథా ఒక్కలాగే నడిచింది. చివరకు వచ్చిన కష్టం కూడా ఒక్కటే. ఆ కష్టాన్ని యెదుర్కొన్న తీరులోనే తేడా వుంది. ఆ తేడా కోసమే యీ కథ చెప్పుకోవలసి వచ్చింది.

రూపాయే తూనికరాయి

1835లో ఈస్టిండియా కంపెనీవారు తమ యేలుబడి అంతటికీ ఒకే తూకం గల రూపాయిని ప్రవేశపెట్టారు. దాని బరువు 180 గ్రెయిన్లు, అనగా యీనాటి లెక్కలో 11.66 గ్రాములు. అందులో పన్నెండింట పదకొండు వంతులు మేలిమి వెండి. రూపాయి యెత్తే తులం. మన వీశె 120 తులాలు. కాబట్టి కంసాలి త్రాసులో వేరే తూనికరాయి అక్కరలేదు. ఒక తట్టలో కడియం, రెండవ తట్టలో రూపాయిలు. నలభై రూపాయిలు కరిగిస్తే నలభై తులాల కడియాలు రావాలి. ఆ లెక్క అక్షరం ముక్క రాని ముసలమ్మకు కూడా వచ్చు.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. గోదావరి డెల్టాలో కాలువలు పారి, వరి పండి, చేతికి వెండి రూపాయి రావడం మొదలయింది. ఆ రూపాయిని రైతు యెక్కడ దాచాలి? ఆ రోజుల్లో పల్లెకు బ్యాంకు లేదు. గోడలో దాస్తే దొంగభయం, భూమిలో పాతితే మరుపుభయం. అందువల్ల యింటి ఆడవాళ్ల కాళ్లకు, చేతులకు తొడిగాడు. కొల్లేటి లంకల్లో అయితే యిది మరీ అవసరం. బుడమేరు, తమ్మిలేరు ఒక్కసారి పొంగితే ఆ నీళ్లన్నీ కొల్లేటిలోనే చేరాలి. ఉప్పుటేరు వాటిని సముద్రానికి తీసుకుపోయేదాకా యిల్లూ వాకిలీ నీళ్లలోనే. పాక పోయినా, గాదె తడిసినా, ఒంటిమీది వెండి మాత్రం మనిషితోపాటు దోనె యెక్కుతుంది.

ఆ నగల పేర్లు చూడండి: కడియాలు, అందెలు, గొలుసులు, మెట్టెలు, పిల్లేళ్లు, దండకడియం, వడ్డాణం. మగవాడికి మొలతాడు, చేతికి మురుగు. బంగారం లక్ష్మి కాబట్టి కాలికి తొడగకూడదన్నారు. అందుచేత నడుము దిగువనున్న సామ్రాజ్యమంతా వెండిది.

1893లో ప్రభుత్వం టంకశాలలలో ప్రజల వెండిని నాణేలుగా ముద్రించి యివ్వడం మాన్పించింది. అప్పటినుంచి రూపాయి విలువ అందులోని వెండి విలువను మించి, రూపాయిలు కరిగించడం నష్టపు బేరమైంది. కడ్డీవెండి కొనడమే లాభం. 1940లో రూపాయిలో వెండిని సగానికి తగ్గించారు. 1947 నాటికి అది వట్టి నికెల్ బిళ్ల. రూపాయికీ కడియానికీ వున్న చుట్టరికం అలా తెగిపోయింది.

కుంపటి ముందు

కంసాలి పనిని దగ్గర కూర్చుని చూసినవారు యిప్పుడు తక్కువ. ముందు మట్టి మూసలో వెండి వేసి, కుంపట్లో బొగ్గుల మధ్య పెట్టి, తిత్తితో వూదుతాడు. మేలిమి వెండి కరగడానికి 962 డిగ్రీల సెంటిగ్రేడు వేడి కావాలి. రాగి కలిసిన రూపాయి వెండి అంతకంటె తక్కువ వేడికే కరుగుతుంది. చిటికెడు వెలిగారం వేస్తే మలినాలు తేలిపోయి, వెండి అద్దంలా తిరుగుతుంది. దానిని అచ్చులో కడ్డీగా పోసి, దాగలిమీద పెట్టి సుత్తితో సాగగొడతాడు. కొట్టినకొద్దీ వెండి బిరుసెక్కుతుంది. అప్పుడు మళ్లీ నిప్పుల్లో కాల్చి మెత్తబరచాలి. కాల్చకుండా తొందరపడితే పగులుతుంది. కొట్టడం, కాల్చడం, మళ్లీ కొట్టడం. కంసాలి దెబ్బలు నూరు అనే సామెత వూరికే పుట్టలేదు.

తీగ కావాలంటే కమ్మచ్చు వుంది. అది వరుసగా చిన్నవౌతూ పోయే బెజ్జాలున్న ఉక్కుపలక. పెద్ద బెజ్జంలోనుంచి లాగిన తీగను దానికంటె చిన్నదానిలో, దానిని యింకా చిన్నదానిలో లాగుతూ పోతే చివరకు వెంట్రుకవంటి తీగ వస్తుంది. ఆ తీగను మెలివేసి, చుట్టి, పువ్వులు లతలుగా అమర్చి, వెలిగారంతో టంకంపొడి చల్లి, వూదుగొట్టంతో దీపపు మంటను ఆ చోటికే పంపి అతుకుతాడు. ఒక్క వూపిరి యెక్కువైతే టంకంతోపాటు పువ్వు కూడా కరిగిపోతుంది. ఆ తరువాత ఆకురాయితో అంచులు రాసి, చింతపండు నీళ్లలో వుడికించి, కుంకుడు రసంతో తోముతాడు.

ఈ చింతపండులో చిన్న రసాయన రహస్యం వుంది. వెండిని కాల్చినప్పుడు అందులోని రాగి పైకి వచ్చి నల్లబడుతుంది. చింతపండు పులుపు ఆ నలుపును తినివేస్తుంది. మిగిలిన పైపొర దాదాపు మేలిమి వెండి. అందుకే కొత్త కడియం పాలనురుగులా తెల్లగా వుంటుంది.

ఈ పనిలో పోయే వెండి రజనుకు "తరుగు" అని పేరు, చేసిన చేతికి యిచ్చేది "మజూరీ". కంసాలివాకిట మట్టినీ బూడిదనూ కడిగి రజను యేరుకుని బ్రతికేవారు కూడా వుండేవారు. ఆ పనిని "జలగడుగు" అనేవారు. నేటి విద్యార్థులను తరగతిలో కమ్మచ్చు అంటే యేమిటని అడిగితే చెప్పగలిగేవారు ఒక్కరు కూడా కనబడరు. పని పోతే ముందు పనిముట్టు పోతుంది, ఆ వెనుకనే మాట పోతుంది.

ఎర్రమట్టి దేశంలో

ఇక నవహోల సంగతి. వారు తమను "దినే" అని చెప్పుకుంటారు, అనగా జనులు. ఆరిజోనా, న్యూమెక్సికో, యూటా రాష్ట్రాలు కలిసేచోట సుమారు 27 వేల చదరపు మైళ్ల ప్రాంతం వారిది. జనాభా పట్టికలో నమోదైనవారు నాలుగు లక్షలదాకా వున్నారు. గొర్రెల పెంపకం, కంబళ్ల నేత వారి పాత వృత్తులు. వెండిపని మాత్రం కొత్తది.

వారిలో మొట్టమొదటి వెండిపనివాడుగా చెప్పుకునే అత్సిదీ సానీ మొదట కమ్మరి. "ముసలి కమ్మరి" అనే ఆ పేరుకు అర్థం. 19వ శతాబ్దపు నడుమ మెక్సికన్ పనివారివద్ద గుర్రపు కళ్లేలు చేయడం నేర్చాడు. ఇంతలో గొప్ప వుపద్రవం వచ్చింది. 1863, 64 సంవత్సరాలలో అమెరికన్ సైన్యం వారి పంటలను, పండ్లతోటలను తగలబెట్టి, యెనిమిది వేలమందికి పైగా జనాన్ని వందల మైళ్ల దూరం నడిపించి, బాస్కే రెడోండో అనేచోట నిర్బంధించింది. ఆకలితో, రోగాలతో అనేకులు చనిపోయారు. 1868 జూన్ 1న సంధి జరిగి, మిగిలినవారు తమ నేలకు తిరిగి వచ్చారు. గొర్రెలు లేవు, తోటలు లేవు. అటువంటి రోజులలోనే వెండిపని వారిలో వేళ్లూనింది. అత్సిదీ సానీ తన కొడుకులకు నేర్పాడు, వారు మరికొందరికి నేర్పారు.

వారికి వెండి యెక్కడిది? డాలరు నాణెం! దానిలో నూటికి తొంభై పాళ్లు వెండి. మెక్సికో పెసో కూడా యించుమించు అంతే. వాటినే మూసలో వేసి కరిగించేవారు. వాషింగ్టన్ మాథ్యూస్ అనే సైనిక వైద్యుడు వారి పని దగ్గరుండి చూసి వ్రాసిన వ్యాసం 1883లో వెలువడింది. ఆ పనిముట్ల వివరాలు చదువుతుంటే మన కంసాలి యిల్లే కళ్లముందు కనబడుతుంది: మేకతోలు తిత్తి, బంకమట్టి మూస, వూదుగొట్టం, వెలిగారం. దాగలి దొరకకపోతే పాత యినుప మేకో, బోల్టో. దీపానికి నూనెబదులు గొర్రెకొవ్వులో ముంచిన గుడ్డపీలిక. మన చింతపండు స్థానంలో ఆ నేలలో దొరికే ఒక లవణం. నేర్పినవారు వేరు, నేల వేరు. వెండి గుణం మాత్రం ఒకటే కనుక చేతులు కూడా ఒకే మార్గం పట్టాయి.

ఒక్క విషయంలో వారు వేరు దారి తొక్కారు. మనవాడు తీగతో పని చూపితే, వారు బరువుతో చూపారు. మెత్తని రాతిలో అచ్చు చెక్కి పోతపోయడం, తోలుమీద ముద్రలు వేసే మెక్సికన్ పరికరాల తరహాలో ఉక్కు ముద్రలు చేసుకుని వెండిరేకు మీద కొట్టడం వారి ప్రత్యేకత. ప్రసిద్ధి చెందిన వారి కంఠహారాన్ని అమెరికన్లు గుమ్మడిపూల హారమంటారు. నిజానికి అది స్పెయిన్ దేశపు దానిమ్మ మొగ్గ ఆకారమని పెద్దలు చెబుతారు. నవహో భాషలో మాత్రం దాని పేరుకు "విచ్చుకున్న పూస" అనే అర్థం. దాని కింద వేలాడే నెలవంక గుర్రపు కళ్లెం నుండి వచ్చింది. స్పెయిన్‌వారికి అది మూర్ జాతీయులవల్ల వచ్చింది. మన ఆడపిల్లల పాపిటమీది చంద్రవంకకూ దానికీ బంధుత్వం వుందో లేదోగాని, పక్కపక్కన పెడితే అక్కాచెల్లెళ్లనిపిస్తాయి.

వానరంగు రాయి

సుమారు 1880 ప్రాంతంలో నవహోలు వెండిలో రాయి పొదగడం మొదలుపెట్టారు. ఆ రాయిని మనవారు ఫిరోజా అంటారు. అది పారశీకం నుండి వచ్చిన మాట. ఏలూరు తివాసీల నేత కూడా పారశీకులవల్లనే వచ్చిందని చెప్పుకోవడం మన వూళ్లో వున్నదే. పారశీకంలో నైషాపూరు గనుల ఫిరోజా జగత్ప్రసిద్ధం. తురుష్క దేశం మీదుగా యూరప్‌కు వెళ్లినందువల్ల యూరోపియన్లు దానిని తురుష్కపు రాయి అన్నారు. అది రాగి, అల్యూమినియం, భాస్వరం, నీరు కలిసి యేర్పడిన రాయి. ఆ నీలిరంగు రాగి చలువే.

మన నవరత్నాలలో దానికి చోటు లేదు. నవహోలకు మాత్రం అది పరమ పవిత్రం. వారి దేశానికి నాలుగు దిక్కులా నాలుగు పుణ్యపర్వతాలున్నాయి. వాటిలో దక్షిణ దిక్కున వున్నది ఫిరోజా పర్వతం. వానకోసం ఆకాశంవైపు చూస్తూ బ్రతికేవారికి ఆకాశపు రంగు రాయి మీద ప్రేమ వుండటంలో వింత లేదు. వెండి వారికి పరాయివారి నుండి వచ్చింది. ఆ రాయి మాత్రం తాతముత్తాతలనాటిది. రెండూ కలిసిన తరువాతనే ఆ నగ పూర్తిగా వారిదైంది.

తాకట్టు కొట్టు

నగ అంటే అలంకారం ఒక్కటే కాదు, అవసరానికి ఆదుకునే ఆస్తి కూడా అని మన ఆడవాళ్లకు యెవరూ చెప్పనక్కరలేదు. నాట్లప్పుడు షావుకారు యింటికి వెళ్లిన కడియాలు, కుప్పనూర్పుల తరువాత తిరిగి రావాలి. తిరిగి రానివీ వుంటాయి. నవహోలదీ యిదే వ్యవహారం. ఉన్ని కత్తిరించే కాలం వచ్చేదాకా హారాన్ని వర్తకుని కొట్లో కుదువ పెట్టి పిండీ కాఫీ తెచ్చుకునేవారు. వ్రతమో పండుగో వస్తే వర్తకుడు ఆ హారాన్ని ఆ రోజులకు తిరిగి యిచ్చేవాడు. అది ముగిశాక మళ్లీ కొట్టుకు చేరేది. 1878లో గనాడో గ్రామంలో హబ్బెల్ అనే వర్తకుడు నడిపిన కొట్టు యిప్పుడు జాతీయ స్మారక స్థలం.

1880 దశకంలో ఆ ప్రాంతానికి రైలు వచ్చింది. మన ఏలూరు, తాడేపల్లిగూడెంల మీదుగా కోస్తా రైలు నడవడం 1890 దశకంలో. రైలుతో పాటు యాత్రికులు దిగారు. 1899 నుండి ఫ్రెడ్ హార్వీ కంపెనీవారు యాత్రికులకోసం తేలికపాటి నగలు చేయించి అమ్మారు. బేరం పెరిగింది. వెంటనే యంత్రాలు వచ్చాయి. యంత్రంమీద కొట్టిన సరుకునే "ఇండియన్ నగ" అని అమ్మడం మొదలైంది. చేతిపనివాడు రోజంతా చేసే గాజును యంత్రం నిమిషాలలో చేస్తుంటే అతని కూలి యెలా గిట్టుతుంది?

ఇక్కడే వారు, వారి పక్షాన నిలిచినవారు మేలుకున్నారు. నగ యెవరు చేశారో, యెలా చేశారో కొనేవాడికి నిజం చెప్పి తీరాలన్న వాదన 1930 దశకంలో న్యాయస్థానాలదాకా వెళ్లింది. 1935లో ఆదివాసుల కళలు, చేతిపనుల రక్షణకు ప్రత్యేక మండలి యేర్పడింది. 1941లో నవహోల సొంత చేతిపనుల సంఘం యేర్పడింది. 1990 చట్టం ప్రకారం ఆదివాసులు చేయని వస్తువును వారు చేసినదని చెప్పి అమ్మితే నేరం. మొదటిసారికే రెండున్నర లక్షల డాలర్లదాకా జరిమానా, లేక అయిదేండ్లదాకా జైలు, లేదా రెండూ. దీనితో దొంగసరుకు మాయమైపోలేదు. అయినా నేడు నవహో పనివాడు నగ వెనుక తన ముద్ర వేసుకుంటాడు. చేసినవాడి పేరుతోనే దానికి ధర పలుకుతుంది.

మనవాడి ముద్ర యేదీ?

మన కంసాలి యే కడియం వెనుకా తన పేరు వేసుకోలేదు. పేరు లేకపోగా నింద మిగిలింది. అతని చేతివాటం మీద మన భాషలో వున్నన్ని సామెతలు అతని నేర్పు మీద లేవు.

1963 జనవరిలో బంగారు నియంత్రణ వచ్చింది. చీనా యుద్ధం తరువాత విదేశీ మారకద్రవ్యం కాపాడుకోవడానికని, 14 క్యారెట్లకు మించిన నగ చేయరాదన్నారు. దేశమంతటా లక్షల కుటుంబాల కుంపట్లు చల్లారాయి. ప్రాణాలు తీసుకున్న స్వర్ణకారుల వార్తలు పత్రికలలో వచ్చాయి. 1966లో ఆ 14 క్యారెట్ల నిబంధన తొలగినా, 1968లో బంగారు నియంత్రణ చట్టం వచ్చింది. దానిని రద్దు చేసింది 1990లో. నవహో పనివాడికి రక్షణ చట్టం వచ్చిందీ ఆ సంవత్సరమే! మనవాడికి బంధనం మాత్రమే తొలగింది, రక్షణ రాలేదు. అప్పటికి చాలామంది కొడుకులు వేరే పనులు వెతుక్కున్నారు. మిగిలినవారిని సేలం పట్టీలూ, యంత్రపు గొలుసులూ వెనక్కు నెట్టాయి. కొల్లేటి చుట్టూ చేపల చెరువుల డబ్బు వచ్చాక వెండికడియం పేదతనపు గుర్తయి, బంగారం ముందుకు వచ్చింది. పాత కడియాలు కొత్త గొలుసులకు మారకంగా వెళ్లి కరిగిపోయాయి.

అయితే తెలుగునాట ఒక్కచోట వెండి పేరు నిలబెట్టుకుంది. అది కరీంనగరం. పక్కనున్న ఎలగందులలో మొదలై కరీంనగరం చేరిన వెండి తీగపని అది. పైన చెప్పిన కమ్మచ్చు తీగతోనే అత్తరుదానులు, పాన్‌దానులు, పళ్లేలు, నెమళ్లు అల్లుతారు. నిజాం కాలంలో ఆ పనికి గొప్ప ఆదరణ వుండేది. 2007లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇంకొకచోట చేసిన దానిని కరీంనగరం తీగపని అని అమ్మకూడదన్నమాట. 2023లో ఢిల్లీలో జీ-20 దేశాల సభ జరిగినప్పుడు అతిథులకు అశోకచక్రపు వెండి పతకాలు కరీంనగరంలోనే చేయించారు. కటకం తీగపనికి కూడా 2024లో అటువంటి గుర్తింపే వచ్చింది.

ఇక మన గోదావరి జిల్లాల సంగతి. నరసాపురం లేసుకు 2024లో గుర్తింపు వచ్చింది. కడియానికి రాలేదు. గుర్తింపు అడగాలంటే ముందు ఆ పని చేసే చేతులుండాలి. 2023 సెప్టెంబరులో ప్రారంభమైన కేంద్ర ప్రభుత్వపు విశ్వకర్మ పథకంలో పద్దెనిమిది వృత్తులున్నాయి. వాటిలో స్వర్ణకారుల వృత్తి ఒకటి. పనిముట్లకు 15 వేల రూపాయలు, తక్కువ వడ్డీకి మూడు లక్షలదాకా అప్పు యిస్తారు. మంచిదే. కాని పనిముట్టు కొనిచ్చినంతమాత్రాన పని రాదు. పని యివ్వవలసింది మనం.

ఆ పని యివ్వడం కష్టమేమీ కాదు. ఇంట్లో పెళ్లి వస్తే వెండి సామాను అంతా దుకాణంలో కొనండి, కాదనను. మెట్టెలు మాత్రం వూళ్లో మిగిలిన ఒక్క ఆచారిగారి చేత చేయించండి. వెండి ధర వేరుగా, మజూరీ వేరుగా అడిగి, మజూరీ దగ్గర మాత్రం బేరమాడకండి. లోపలి వైపు ఆయన పేరులోని మొదటి అక్షరం కొట్టమనండి. ఒక్క అక్షరం చాలు. నలభై యేళ్ల తరువాత మనుమరాలు ఆ మెట్టెను తిప్పి చూసి, "అమ్మమ్మా, యీ అక్షరం యెవరిదే?" అని అడుగుతుంది. చెప్పడానికి ఒక పేరు వుంటుంది.